వంకలున్న బల్ల

మా ఇంట్లో భోజనాల బల్ల లేదని మా ఆవిడ ఇరవై ఏళ్ళు సణిగింది. మా అమ్మ మాత్రం బల్ల మాటెత్తితే ఒప్పుకునేది కాదు. పీట వాల్చుకుని, కింద కూచుని, కంచం ముందు పెట్టుకుంటేనే అన్నం తిన్నట్టుంటుందని ఆవిడ వాదం. ఇద్దరి మధ్యా నేను. ఇలాంటప్పుడు మగవాళ్ళు చేసే పనే నేనూ చేశాను. వాయిదా వేశాను. ఈలోగా అమ్మకి ఎనభై దగ్గరపడ్డాయి, మోకాళ్ళు మొరాయించాయి. అయినా నేను కదల్లేదు. ‘ఈ కొంపకి బల్ల రావాలంటే ఏ తుపానో రావాలి’ అని ఒకరోజు మా ఆవిడ విసుక్కుంది.

తథాస్తు దేవతలు అప్పుడే మా గుడివాడ మీదుగా పోతున్నారు కాబోలు. అచ్చం అలాగే జరిగింది.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోతకొచ్చిన వరి నేలకొరిగింది. కోసిన పనలు నీళ్ళలో నానాయి. మాకు కరెంటు పోవడం తప్ప పెద్ద నష్టం లేదు. మర్నాడు పొద్దున్నే దివిసీమలో నాగాయలంక పక్క పల్లెలో ఉండే మా మేనమామ ఫోన్ చేశాడు.

‘‘ఒరేయ్, చెట్టు పడిపోయిందిరా’’ అన్నాడు.

ఏ చెట్టని నేను అడగలేదు. మా అమ్మమ్మగారింట్లో చెట్టంటే ఒకటే. గొడ్లచావిడి పక్కనుండే నిద్రగన్నేరు. పొద్దుగూకేసరికి ఆకులు ముడుచుకుని నిద్రపోతుంది కనక ఆ పేరు. మీరు బందరు రోడ్డులోనో, ఏ పాత తాలూకాఫీసు ఆవరణలోనో చూసే ఉంటారు. గొడుగు పట్టినట్టు పరుచుకుని, గులాబీరంగు కుచ్చుల పూలు పూస్తుంది. దాని కాయలు తియ్యగా ఉంటాయి, గొడ్లు ఇష్టంగా తింటాయి. పుట్టిల్లు అమెరికా ఖండంలోని వేడి దేశాలు. నీడ కోసం తెచ్చి నాటితే మన చెట్టే అయిపోయింది. మా తాతయ్య దాన్ని గొడ్లకు నీడ కోసమే వేశాడట.

‘‘ఇటుకబట్టీవాడు వచ్చాడు. టన్నుల లెక్కన తూచుకుని పట్టుకుపోతానంటున్నాడు. ఇచ్చేస్తున్నా. అక్కకి ఒక మాట చెప్పు’’ అని ఫోన్ పెట్టేశాడు.

చెప్పాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, ‘‘అంతా ఇచ్చెయ్యమను. ఆ పంగ మాత్రం ఇవ్వొద్దను’’ అంది.

ఆ మాట మీకు తెలియాలంటే 1977కి వెళ్ళాలి. ఆ ఏడాది నవంబరు 19, కార్తీకమాసం, శనివారం. ఆ రోజు దివిసీమకు ఏం జరిగిందో మన పెద్దవాళ్ళకు చెప్పనక్కర్లేదు. పిల్లలకు చెప్పాలి. తుపానుతోపాటు సముద్రమే ఊళ్ళ మీదికి నడిచొచ్చింది. ఇంటి కప్పులను దాటిన కెరటం మైళ్ళకొద్దీ లోపలికి చొచ్చుకొచ్చింది. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి... ఆ వరసలో ఊళ్ళకు ఊళ్ళే తుడిచిపెట్టుకుపోయాయి. పదివేల ప్రాణాలు పోయాయన్నది ప్రభుత్వం చెప్పిన లెక్క. అంతకన్నా ఎక్కువేనని అక్కడివాళ్ళంటారు. బతికినవాళ్ళలో చాలామందిని బతికించింది చెట్లే. తాటిచెట్టో, కొబ్బరిచెట్టో, ఏది చేతికందితే అది కావిలించుకుని ఆ రాత్రి గడిపారు.

అప్పటికి తాతయ్య లేడు. ఇంట్లో అమ్మమ్మ, ఇరవై రెండేళ్ళ మావయ్య, పద్నాలుగేళ్ళ మా పిన్ని. నీళ్ళు గడప దాటగానే ముగ్గురూ నిద్రగన్నేరు ఎక్కారు. మాను రెండుగా చీలే చోట, ఆ పంగలో ఇరుక్కుని కూచున్నారు. పిన్నిని మావయ్య తన పంచెతో కొమ్మకు కట్టేశాడు. అమ్మమ్మను చేత్తో పట్టుకున్నాడు. తెల్లారేసరికి పంగలో ఇద్దరే ఉన్నారు.

మాకు తెలిసింది అంతే. అదీ పిన్ని చెప్పిందే. ఆ చీకట్లో, ఆ హోరులో ఏం జరిగిందో ఆ పిల్లకూ తెలియదు. మావయ్య చెప్పలేదు, అమ్మ అడగలేదు. నలభై ఆరేళ్ళు. మావయ్య ఆ చెట్టు కొట్టనూ లేదు, దాని నీడన కూచోనూ లేదు. ఇప్పుడది తనంతట తానే పడిపోతే, కళ్ళముందు నుంచి పోతే చాలనుకున్నాడు. అమ్మేమో పంగ ఉంచమంటోంది. ఉంచి ఏం చేయాలో ఆవిడకూ తెలియదు.

నాకొచ్చిన ఆలోచన ఏమిటంటే, బల్ల.

బందరులో పాత మండువా ఇళ్ళ తలుపులూ దూలాలూ బాగుచేసే ఒక వడ్రంగి మేస్త్రి ఉన్నాడు. బర్మా టేకు ముక్కను వాసన చూసి చెప్పగల మనిషి. ఆయన్ని వెంటబెట్టుకుని అవనిగడ్డ మీదుగా వెళ్ళాం. పడిపోయిన మాను చుట్టూ రెండుసార్లు తిరిగి పెదవి విరిచాడు. ‘‘నిద్రగన్నేరండీ ఇది. టేకు కాదు, వేపా కాదు. పెట్టె చెక్కలకి తప్ప దేనికీ పనికిరాదు. బట్టీవాడే నయం’’ అన్నాడు.

నేనూ అలాగే అనుకునేవాణ్ణి. కానీ హైదరాబాదులో ఉన్న మా అమ్మాయి ఫోన్‌కి కొన్ని ఫొటోలు పంపింది. ఇండోనేసియాలో ఇదే చెట్టును ‘సువార్’ అంటారు. ఒకే మానులోంచి తీసిన పెద్దపెద్ద పలకలతో, అంచులు వంకర వంకరగా చెట్టుకున్నట్టే వదిలేసి భోజనాల బల్లలు చేస్తారు. వాటిని దేశదేశాలవాళ్ళు కొనుక్కుంటారు. హవాయి దీవుల్లో దీనితోనే గిన్నెలూ పళ్ళేలూ తొలుస్తారు. మేస్త్రి కళ్ళజోడు సర్దుకుని ఒక్కో ఫొటో చూశాడు. ‘‘ఇదీ అదేనాండీ?’’ అన్నాడు. తరవాత మాను మొదట్లో గొడ్డలితో చిన్న చెక్కు తీశాడు. పైన తెల్లచెక్క, లోపల చాక్లెట్ రంగు చేవ. ‘‘మన చెట్టుని మనమే చులకన చేసుకున్నాం’’ అన్నాడు.

మావయ్య అరుగు మీద కూచుని ఇదంతా చూస్తున్నాడు. ‘‘పట్టుకుపోతే పట్టుకుపోండి. మళ్ళీ ఇక్కడికి మాత్రం తేకండి’’ అన్నాడు.

పంగకు కింద ఆరడుగులు, పైన ఒక అడుగు ఉంచి కోయించాం. ఏడడుగుల దుంగ, టన్నుకు పైనే ఉంటుంది. సొంత దొడ్లో పడ్డ చెట్టయినా సరే, దుంగను రోడ్డెక్కించే ముందు అటవీశాఖ వాళ్ళని ఒక మాట అడిగి కాగితం దగ్గరుంచుకోవడం మంచిది. ఆ పని చూసుకుని, సంక్రాంతి వెళ్ళాక ట్రాక్టరు మీద పులిగడ్డ, చల్లపల్లి, కూచిపూడి, పామర్రు మీదుగా గుడివాడ చేర్చాం.

కోతమిల్లు యజమాని దుంగను చూడగానే అడిగిన మొదటి మాట, ‘‘ఇంటి చెట్టా, అడవి చెట్టా?’’ అని. ఇంటి చెట్టంటే మిల్లువాళ్ళకు హడలు. మనం బట్టల తాడు కోసమో, గొడ్డుని కట్టడానికో కొట్టిన మేకుల్ని చెట్టు మింగేస్తుంది. రంపం వాటికి తగిలితే పళ్ళు ఊడిపోతాయి. అన్నట్టే సగం కోతలో కీచుమని శబ్దం. నాలుగంగుళాల లోపల పాత ఇనప మేకు. దాని చుట్టూ చెక్క సిరా పోసినట్టు నల్లబడింది. ఇనుము, చెక్కలోని వగరు కలిస్తే అలా నలుపెక్కుతుందట. రంపం ఖరీదు నా ఖాతాలో పడింది. ఆ సాయంత్రం ఫోన్‌లో చెబితే, ‘‘నాన్న లాంతరు తగిలించుకోడానికి కొట్టిన మేకురా అది’’ అంది పిన్ని.

పంగ ఉన్న దుంగను కోయడంలో ఒక కిటుకుంది. రెండు కొమ్మల నడిమిదారులూ, మాను నడిమిదారీ ఒకే కోతలో పడాలి. మేస్త్రి సుద్దతో గీత గీసి, తాడు పట్టి, దుంగను నాలుగుసార్లు అటూ ఇటూ దొర్లించి గానీ రంపం తాకనివ్వలేదు. పలక విడదీసి వెల్లకిలా పడేసినప్పుడు మిల్లులో పనివాళ్ళు కూడా చుట్టూ చేరారు. మాను పొడవునా నిలువుగా వచ్చిన రేఖలు పంగ దగ్గరకొచ్చేసరికి ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, అలలు అలలుగా మెలికలు తిరిగి, నెమలి ఈక విప్పినట్టున్నాయి. రెండు కొమ్మలు ఏళ్ళ తరబడి పక్కపక్కనే లావెక్కుతూ ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి. గాలి వచ్చినప్పుడల్లా ఆ బరువంతా పడేది అక్కడే. ఆ ఒత్తిడికి తట్టుకోవడానికి చెట్టు అక్కడ నారను నారతో పెనవేసుకుంటుంది. బాధ ఎక్కడ ఎక్కువ పడిందో అక్కడే ఆ ముచ్చటైన రేఖలు. వడ్రంగులకు ఇది కొత్త సంగతి కాదు. నాకు కొత్త.

మిల్లాయన అలవాటు కొద్దీ, ‘‘అంచులు కొట్టేసి చదరం చేయమంటారా?’’ అన్నాడు. వద్దన్నాం. రెండున్నర అంగుళాల మందాన మూడు పలకలు తీయించాం. నడిమి పలక మూడడుగుల వెడల్పు, పై కొసన జానెడు లోతు పంగ.

ఇక అసలు పరీక్ష మొదలైంది. ఆరబెట్టడం. అంగుళం మందానికి ఏడాది అని పాతవాళ్ళ లెక్క. నిద్రగన్నేరు పెద్దగా కుంచించుకుపోని చెక్క కనక కాస్త నయం. అయినా తొందరపడితే పగుళ్ళిస్తుంది. చెక్కలో నీళ్ళు ఎక్కువగా కొనల నుంచే పోతాయి కనక, రెండు కొనలకూ కరిగించిన మైనం పట్టించాం. పుచ్చు పట్టేది ముందుగా తెల్లచెక్కకే. అందుకని బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీళ్ళు పూశాం. బెరడు కింద పురుగు చేరుతుంది, పైగా అది నేడో రేపో ఎలాగూ ఊడిపోతుంది. మొద్దు ఉలితో దాన్ని నెమ్మదిగా లేపి, కొబ్బరిపీచుతో రుద్దితే కింద చెట్టు అసలు అంచు నున్నగా బయటపడింది. పలకకూ పలకకూ మధ్య అడుగున్నరకో అడ్డబద్ద పెట్టి, వసారాలో గాలి తగిలే చోట, ఎండ పడకుండా పేర్చి, పైన బరువు పెట్టాం.

‘‘బల్లొస్తుందంటే వసారాలో అడితి పెట్టారు’’ అంది మా ఆవిడ. పాపం, ఆవిడ అనడంలో తప్పులేదు. అది 2024 జనవరి. వచ్చినవాళ్ళందరూ ఆ పలకల మీద చెప్పుల సంచులూ హెల్మెట్లూ పెట్టేవారు.

ఆరిందో లేదో తెలుసుకోవడానికి మీటర్లున్నాయి గానీ మేస్త్రి నాకు పైసా ఖర్చు లేని ఉపాయం చెప్పాడు. అదే పలక నుంచి తీసిన ముక్కకు కొనల్లో మైనం పూసి పక్కనే ఉంచమన్నాడు. నెలనెలా ఒకటో తారీఖున దాన్ని కిరాణా కొట్టుకు పట్టుకెళ్ళి తూయించేవాణ్ణి. కొట్టతను మొదట్లో నవ్వాడు. ఆరునెలలయ్యాక, ‘‘ఈ నెల ఇంకో వంద గ్రాములు తగ్గిందండీ’’ అని ఉత్సాహంగా చెప్పేవాడు. బరువు తగ్గడం ఆగి, వరసగా మూడు నెలలు ఒకేలా ఉంటే చెక్క మన ఊరి గాలికి సర్దుకున్నట్టు లెక్క. అలా సర్దుకునేసరికి దాదాపు రెండేళ్ళు పట్టింది. ఈలోగా 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటుతుంటే, వసారాలో జల్లు పడకుండా నేనూ మా ఆవిడా తెల్లవార్లూ టార్పాలిన్ పట్టుకుని నిలబడ్డాం. ఆ రాత్రి నుంచి ఆవిడ ఆ పలకల్ని అడితి అనడం మానేసింది.

మొంథా వెళ్ళిన నెలన్నరకు మేస్త్రి వచ్చాడు. పలకను పరికించి, పంగ కింద జానెడు పొడవున వచ్చిన పగులు చూపించాడు. పంగ చెక్కకు అది సహజమే. ‘‘లప్పం పెట్టేస్తే కనపడదు’’ అన్నాడు. అప్పుడు ఆయనకు జార్జ్ నకషిమా సంగతి చెప్పాను.

నకషిమా 1905లో అమెరికాలో పుట్టిన జపానీయుల బిడ్డ. వాస్తుశిల్పి. 1930ల్లో మన పుదుచ్చేరి వచ్చి, అరవిందాశ్రమంలో గోల్కొండ్ అనే వసతిగృహం కట్టడానికి పనిచేశాడు. తిరిగి అమెరికా వెళ్ళాక రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. జపాను రక్తమన్న ఒక్క కారణంతో వేలాదిమందితోపాటు ఆయన్నీ భార్యాబిడ్డతో సహా ఐడహో ఎడారిలోని శిబిరంలో పెట్టారు. ఆ శిబిరంలోనే జపాను పద్ధతిలో ఆరితేరిన ఒక వడ్రంగి దగ్గర ఆయన పని నేర్చుకున్నాడు. దొరికిన చెక్కతోనే సరిపెట్టుకోవలసిన చోటు అది. బయటికొచ్చాక పెన్సిల్వేనియాలో కర్మాగారం పెట్టి, అంచులు చెక్కకుండా, పగుళ్ళు దాచకుండా బల్లలు చేశాడు. పగులు ఇంకా సాగకుండా దానికి అడ్డంగా డమరుకం ఆకారంలో చెక్క బిళ్ళ పొదిగేవాడు. అది అందరికీ కనపడాల్సిందే. 1964లో మళ్ళీ మన దేశం వచ్చి అహ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థలో కుర్చీలూ బల్లలూ రూపొందించాడు. చెట్టుకు రెండో బతుకు ఇవ్వడమే తన పని అని నమ్మిన మనిషి. 1990లో పోయాడు.

మేస్త్రి అంతా విని, ‘‘ఆయనెవరో గానీ మన పనివాడే’’ అన్నాడు. బందరులో పడగొట్టిన ఒక ఇంటి గుమ్మం ముక్క, బర్మా టేకు, తన సంచిలోంచి తీశాడు. మూడు డమరుకాలు కోసి పగులుకు అడ్డంగా పొదిగాడు. వెంట్రుకవాసి సందు లేదు.

ఇంతలో అమ్మాయి ఇంకో ఫొటో పంపింది. ఇప్పుడు పట్నాల్లో ఇది మోజు. చెక్కలో ఖాళీ ఉన్న చోట నీలంరంగు ఎపాక్సీ పోస్తారు. అది గట్టిపడి అద్దంలా మెరుస్తుంది. బల్ల మధ్యలో నది పారుతున్నట్టుంటుంది. ‘‘నాన్నా, ఆ పంగలో నీలం పోయిస్తే అదిరిపోతుంది’’ అంది. నాకూ నచ్చింది. మేస్త్రికి తెలిసిన కుర్రాడొకడు బందరులో పోస్తాడట. ఆ వారం పిన్ని మా ఇంటికొచ్చి ఉంది. ఫొటో చూపించాం. ఆవిడ చాలాసేపు చూసి ఫోన్ వెనక్కిచ్చేసింది.

‘‘బాగానే ఉంది గానీ, ఆ పంగలోకి మళ్ళీ నీళ్ళెందుకమ్మా?’’ అంది.

మా అమ్మాయి అవతల ఫోన్‌లో ఉంది. ఏమీ మాట్లాడలేకపోయింది. పంగను అలాగే ఖాళీగా వదిలేశాం.

పలకను చదును చేయడానికి రెండు పక్కలా సరళమైన బద్దలు అమర్చి, వాటి మీద రౌటర్ యంత్రాన్ని నడిపారు. ఆ పొట్టు ముక్కుకి మహా ఘాటు. గుడ్డ కట్టుకోకపోతే తుమ్ములే తుమ్ములు. తరవాత మేస్త్రి చేత్తో చిత్రిక పట్టాడు. పంగ దగ్గర నార అటూ ఇటూ తిరిగి ఉంటుంది కనక చిత్రిక తిరగబడి చెక్క లేచిపోతుంది. అక్కడ మాత్రం పదునైన ఇనప రేకుతో గీకి, శాండ్‌పేపర్ పట్టాడు. ఆ ఒక్క మూరెడు చోటుకే రెండు రోజులు.

కాళ్ళకు నల్లతుమ్మ వాడాం. బండి చక్రాలకూ నాగళ్ళకూ మన తాతలు వాడిన చెక్క. బల్లపలకను కాళ్ళ చట్రానికి బిగించేటప్పుడు మేస్త్రి స్క్రూలకు గుండ్రటి బెజ్జాలు కాకుండా కోలగా ఉండే బెజ్జాలు తొలిచాడు. ఎందుకంటే చెక్క చచ్చినా ఊపిరి పీల్చడం మానదు. వానాకాలంలో తేమ పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది, రోహిణీకార్తెలో ముడుచుకుంటుంది. మూడడుగుల పలక కనక ఆ కదలిక తెలుస్తుంది. చోటివ్వకుండా బిగించేస్తే ఎప్పుడో ఓ మధ్యాహ్నం ఫట్టున పగులుతుంది. ఎత్తు ముప్ఫై అంగుళాలు. మనిషికి రెండడుగుల చోటు. పక్కకు ముగ్గురు, కొసకొకరు, ఎనిమిదిమంది.

పాలిష్ దగ్గర మా ఆవిడ రంగంలోకి దిగింది. మేస్త్రి లక్క పాలిష్ అన్నాడు. నేను అవిసెనూనె అన్నాను. ‘‘ఇది దొరల బల్ల కాదు. దీని మీద పసుపు పడుతుంది, చింతపండు పులుసు పడుతుంది’’ అని ఆవిడ మూడు చెక్కముక్కలు తెప్పించింది. ఒకదానికి లక్క, ఒకదానికి నూనె, ఒకదానికి మెరుపు లేని పాలియురెథేన్ పూయించింది. ఆరాక మూడింటి మీదా పసుపు ముద్ద, గోంగూర పచ్చడి, పక్కన పొయ్యి మీంచి దింపిన పులుసు గిన్నె పెట్టి రాత్రంతా వదిలేసింది. తెల్లారి చూస్తే లక్క మీద గిన్నె అడుగు తెల్లగా అచ్చుపడింది. నూనె పూసినదాంట్లో పసుపు ఇంకిపోయింది. మూడోది తడిగుడ్డతో తుడిస్తే పోయింది. మేమిద్దరం మారుమాట్లాడలేదు. మీ ఇంట్లో ఏ బల్ల చేయించినా ఈ పరీక్ష పెట్టండి.

బల్ల లోపలికొచ్చింది. మేకు తాలూకు నల్లమచ్చ ఎడంపక్క నాలుగంగుళాల మేర అలాగే ఉంది. డమరుకాలు కనపడుతున్నాయి. ఒక అంచు లోపలికి, ఒక అంచు బయటికి. మొదటిరోజే పంగలోంచి గరిటె జారి కింద పడింది. ‘‘వంక పెట్టడానికి చోటు లేకుండా వంకలన్నీ మీరే పెట్టించారు’’ అంది మా ఆవిడ. కానీ పక్కింటివాళ్ళని పిలిచి ఆ నెమలి ఈక చూపించింది కూడా ఆవిడే.

మావయ్యను భోజనానికి పిలిచాం. రాననే అన్నాడు. అమ్మ ఫోన్ తీసుకుని, ‘‘నువ్వు రాకపోతే నేను దాని మీద తినను’’ అంది. ఓ ఆదివారం పిన్నిని వెంటబెట్టుకుని వచ్చాడు.

లోపలికొచ్చి బల్ల చుట్టూ ఒకసారి తిరిగాడు. మేకు మచ్చ దగ్గర ఆగాడు. పంగ దగ్గరకొచ్చి చెయ్యి వేశాడు. అక్కడ ఎవరినీ కూచోబెట్టొద్దని మేము ముందే అనుకుని కుర్చీ తీసేశాం. ఆయన పక్కనున్న కుర్చీ లాక్కుని అక్కడే కూచున్నాడు. అమ్మ ఆయన కుడిపక్కన, పిన్ని ఎడంపక్కన. ముద్దపప్పు, బెండకాయ పులుసు వడ్డించారు. ఎవరూ మాట్లాడలేదు. ఆయన పప్పు కలిపాడు గానీ ముద్ద ఎత్తలేదు.

‘‘అక్కా, అమ్మ చీర తడిసి బరువైపోయింది. నా చెయ్యి జారింది’’ అన్నాడు. తల ఎత్తలేదు.

నలభై ఎనిమిదేళ్ళ మాట అది. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా అమ్మ మాత్రం చెయ్యి చాచి ఆయన కంచంలో ఇంకాస్త నెయ్యి వేసింది.

‘‘తెలుసురా. నీకప్పుడు ఇరవై రెండేళ్ళు. అన్నం చల్లారిపోతోంది, తిను’’ అంది.

తిన్నాడు. రెండోసారి పులుసు అడిగి వేయించుకున్నాడు. వెళ్ళేటప్పుడు, ఇంకా రెండు పలకలు ఉన్నాయి కదా, వాటినేం చేస్తారని మేస్త్రిని అడిగాడు. ఒకదానితో తన అరుగు మీదికి బెంచీ చేసిపెట్టమన్నాడు. మళ్ళీ ఇక్కడికి తేకండి అన్న మనిషే.

మన డెల్టాలో తుపానుకో చెట్టు, రోడ్డు వెడల్పుకో చెట్టు పోతూనే ఉంటుంది. మీ దొడ్లో ఏదైనా పడితే బట్టీవాడికి కబురు పెట్టే ముందు ఒక్కరోజు ఆగండి. ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. ఎవరు నాటారో, ఎవరు ఊయల కట్టారో, ఎవరు ఏం తగిలించారో ఏదో ఒకటి బయటికొస్తుంది. బల్లే కానక్కర్లేదు. పీటయినా చాలు. చదరం మాత్రం చేయించకండి.